నేను గోరింకల మందను గుర్తుపట్టిన ఆదివారం

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్ దాటితే ఆకాశానికి అడ్డేమీ ఉండేది కాదు. ఇప్పుడు ఎల్బీనగర్ చౌరస్తా అంటున్న చోట, బస్సు కోసం జనం ఒకరినొకరు తోసుకునే చోట, అప్పుడు ద్రాక్షతోటలు ఉండేవి, వాటి పక్కన జొన్నచేలు, మధ్యలోంచి బెజవాడ పోయే రోడ్డు. ఈ మాట చెబితే మా మనవరాలు నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూస్తుంది (జ్వరమేమోనని). జ్వరం కాదు తల్లీ, నిజమే. నా బతుకులో నేను గొప్పలు చెప్పుకోదగ్గ పనులు రెండే రెండు. ఒకటి, ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒక్కరోజు కూడా ఆఫీసుకు ఆలస్యంగా పోకపోవడం. దీన్ని మా ఆఫీసువాళ్లే నమ్మరు. రెండోది, పదిహేడేళ్ల వయసులో సూర్యుడికి అడ్డంగా వస్తున్న పిట్టల మందను, రంగు కనిపించకుండానే, అవేమిటో చెప్పడం. దీన్ని నమ్మేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఇంకా మిగిలి ఉన్నారు కాబట్టి ధైర్యంగా రాస్తున్నాను.

అది అరవైతొమ్మిది, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నడుస్తున్న ఏడాది. నేను పీయూసీలో చేరి పుస్తకాలకు అట్టలు వేసుకున్నాను, అంతే, కాలేజీలు మూతపడ్డాయి. రోజూ ఊరేగింపులు, బందులు, ఒక్కోరోజు కళ్లు మండే పొగ. మా అమ్మకు నా మీద రెండు భయాలు. బయటికి పోతే ఊరేగింపులో కలుస్తానని ఒకటి, ఇంట్లో ఉంటే నిద్రపోతూనే ముసలిదాన్నవుతానని ఇంకొకటి. "కాలేజి బంద్ అయితె అయింది, నీ నోరు బంద్ అయితలేదు గద. పొయ్యి మామ దగ్గర పని నేర్చుకో" అని నన్ను చిన్నమామ తోటకు తోలింది. చిన్నమామ అంటే అమ్మ తమ్ముడు. రోడ్డు పక్కన ఒక అనాబ్‌షాహి ద్రాక్షతోటను కౌలుకు చేసేవాడు. మనిషి పొట్టి, గొంతు పొడవు. ఆయన తోటలో ఈ మూల గొణుక్కుంటే ఆ మూల కూలీలు ఉలిక్కిపడేవాళ్లు.

తోట నడుమ పందిళ్లకంటే ఎత్తుగా ఒక మంచె. దాని మీద ఒడిసెల అవ్వ ఉండేది. ఒడిసెల తిప్పి మట్టి ఉండ వదిలిందంటే చెప్పిన కొమ్మకు తగిలేదట, అందుకని ఆ పేరు. ఆమె పక్కన కూర్చుని పిట్టలను కాయడం నా పని. రెండోరోజే ఒక సంగతి గమనించాను. అవ్వ ఆకాశం వైపు తల ఎత్తి, నన్ను అడిగేది. "ఎన్ని ఉన్నయే? మెడ ముడుసుకున్నయా, సాపినయా? రెక్క ఎట్ల కొడ్తున్నది, ఆగి ఆగి కొడ్తున్నదా, ఆగకుంట కొడ్తున్నదా?" నన్ను పరీక్ష పెడుతోందనుకుని చదువుకున్న పిల్లనన్న పొగరుతో జవాబులు చెప్పేదాన్ని. అయితే మూడోరోజు మంచె కింద నిలబడ్డ మామను చూసి "ఎవలే గా పోరి?" అంది. అవ్వ కళ్లకు పొర కమ్మింది. పక్కనున్న మనిషి కనిపిస్తుంది, ఎగిరే పిట్ట కనిపించదు. నా చెయ్యి పట్టుకుని "మీ మామకు చెప్పకు బిడ్డా. మంచె దిగితె నేను ఉత్త ముసల్దాన్నే" అంది. నేను ఎవరికీ చెప్పనని ఒట్టు వేశాను. (నా ఒట్ల మీద మా ఇంట్లో ఎవరికీ నమ్మకం లేదు గానీ, అది మాత్రం నిలబెట్టుకున్నాను. కొన్నాళ్లు.)

అట్లా నేను కళ్లు, ఆమె బుద్ధి. ఇద్దరం కలిస్తే ఒక కాపరి. ఆ రెండు నెలల్లో నేను నేర్చుకున్నంత చదువు తరువాత ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. తెల్లకొంగ మెడ ముడుచుకుని ఎగురుతుంది, నత్తగుల్ల కొంగ మెడ ముందుకు చాచి ఎగురుతుంది. చలికాలంలో చేల మీద రెక్కలు కాస్త పైకెత్తి, కొట్టకుండా తేలేది ఎక్కడినుంచో వచ్చిన గద్ద, మన ఊరి గద్ద కాదు. దసరా వెళ్లాక సరూర్‌నగర్ చెరువులో దిగే సూదితోక బాతులు ఎండలు ముదిరేసరికి వెళ్లిపోతాయి, వాటి రెక్కలకు విశ్రాంతి అనేదే తెలియదు. ఇక అందరికంటే చెడ్డవి జొన్న గోరింకలు. జొన్నకంకి పాలు పోసుకునే వేళకు వచ్చి, ఉగాది దాటాక పోతాయి. పొయ్యేముందు, పెళ్లిలో ఆఖరి పంక్తిలో కూర్చున్నవాళ్లలా తింటాయి. ద్రాక్షగుత్తి మీద పడితే గుత్తి ఉండదు, కాడ ఉంటుంది. "రంగు సూడకు బిడ్డా" అనేది అవ్వ. "రంగు దిగినంకనే కనవడ్తది. అవి దిగినంక నువ్వు సూసేదేంది, అప్పటికి పండు పాయె."

ఈ మాట ఒప్పుకోని మనిషి ఒకాయన ఉండేవాడు, పుస్తకం మాస్టారు. గోదావరి జిల్లా నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి ముందుగదిలో కిరాయికి ఉంటూ, ఒక బడిలో ప్రకృతిశాస్త్రం చెప్పేవాడు. గొడవలు మొదలయ్యాక భార్యాపిల్లలను ఊరికి పంపించి, తను మాత్రం ఉండిపోయాడు. బడి లేదు, ఊసుపోదు. పిట్టల బొమ్మలున్న పెద్ద పుస్తకం ఒకటి, మెడలో దుర్భిణి ఒకటి వేసుకుని నాతో పాటు తోటకు వచ్చేవాడు. పుస్తకంలో పిట్టలన్నీ కొమ్మల మీద కూర్చుని, ఫోటోకు నిలబడ్డట్టు పక్కకు తిరిగి ఉంటాయి. "చూశారా అమ్మా, ఇదీ మీ జొన్న గోరింక, పొట్ట గులాబి, రెక్క నలుపు, ముక్కు పసుపు" అని చూపించేవాడు. ఆకాశంలో పిట్ట పోతుంటే "ఒక్క నిమిషం ఆగితే బాగుండునే" అని దుర్భిణి తిప్పుకునేవాడు. ఒక్క పిట్టా ఆయన మాట వినలేదు.

కాయ పండింది. తీపెక్కింది. సరిగ్గా అప్పుడే బందు వచ్చింది. లారీలు ఆగిపోయాయి, మండీ మూతపడింది. కోసి పెడితే కుళ్లిపోతుంది, కొయ్యకుండా ఉంచితే పిట్టలకు పెట్టినట్టే. సోమవారం బందు సడలిస్తారని, ఆరోజు లారీ వస్తుందని కబురు తెలిసింది. మధ్యలో నాలుగు రోజులు. మామ తన ఏడాది కష్టమంతా పందిళ్లకు వేలాడదీసుకుని ఆ నాలుగు రోజులు నిద్ర లేకుండా తిరిగాడు. మంచె మీద ఒక గాసునూనె డబ్బా కట్టించి కట్టడి చేశాడు. ఒక్క దెబ్బ కొడితే ఏవో పోతున్నాయి, పని చేసుకోండని. రెండు దెబ్బలైతే రామచిలుకలు, ఇద్దరు రండని. ఆపకుండా కొడితే గోరింకల మంద, తోటలో ఉన్న ప్రతి మనిషీ చేతికి దొరికిందల్లా పట్టుకుని రావాలని. "పరేషాన్ జెయ్యకున్రి, గోరింకలకే కొట్టాలె గట్ల" అని నా వైపే చూసి చెప్పాడు. (ఎందుకో పెద్దలకు నా మీద ముందునుంచీ ఒక అంచనా ఉండేది.)

గురువారం సాయంత్రం అవ్వ సద్ది తినడానికి కిందికి దిగింది. నేను ఒక్కదాన్నే. చెరువు వైపు నుంచి పిట్టల మంద ఒకటి లేచింది. వరస లేదు, ముద్దగా ఉంది, రెక్కలు ఆగకుండా కొట్టుకుంటున్నాయి, మా వైపే వస్తోంది. అవ్వ వచ్చేదాకా ఆగవచ్చు. పైనుంచి ఎట్లా ఉందో చెబితే ఆమె కింద సద్ది ముద్ద చేతిలో పట్టుకునే జవాబు చెప్పేది. కానీ నాకు అప్పుడే అన్నీ వచ్చేశాయి గదా! డబ్బా అందుకుని ఆపకుండా కొట్టాను. అట్లా ఇట్లా కాదు, దిల్‌సుఖ్‌నగర్ దాకా వినబడేట్టు కొట్టాను. కూలీలు పళ్లాలు, తట్టలు, చీపుర్లతో పరుగెత్తుకొచ్చారు. మామ బావి దగ్గర నెత్తికి సబ్బు పెట్టుకుంటున్నవాడు పెట్టుకున్నట్టే వచ్చి, కళ్లు మూసుకుని పళ్లెం బాదాడు. పిట్టలు మా తల మీదుగా, ఎత్తులో, మాకేసి ఒక్క చూపు కూడా చూడకుండా వెళ్లిపోయాయి. పోయేటప్పుడు సన్నటి మెడలూ, వెనక సూదుల్లాంటి తోకలూ శుభ్రంగా కనబడ్డాయి.

"బాతులు!" అన్నాడు మామ, ఒక కన్ను తెరిచి. "బాతులు ద్రాక్షపండ్లు తింటయానె?"

అంతటితో అయిపోతే బాగుండేది. రోడ్డు మీద బందు చేస్తున్న కాలేజీ పిల్లలు ఆ మోత విని, ఎక్కడో లాఠీచార్జీ జరిగిందనుకుని, నినాదాలు ఇచ్చుకుంటూ పాతికమంది తోటలోకి వచ్చారు. "ఏమైందే పెద్దమనిషి? పోలీసోళ్లు ఒచ్చిన్రా? ఎవర్ని కొట్టిన్రు?" అని మామ చుట్టూ మూగారు. సబ్బు నురగతో నిలబడ్డ మామ, "ఎవర్ని కొట్టలే బిడ్డా. బాతులు ఒచ్చినయి" అన్నాడు. పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అందులో ఒకడు, కూలీల మధ్య నిలబడ్డ మాస్టారి మెడలో దుర్భిణి చూసి, "మీరు ఏడికెల్లి ఒచ్చిన్రు సార్?" అని అడిగాడు. మాస్టారు నోరు తెరిస్తే ఊరు తెలిసిపోతుంది. మామ ఆ పిల్లవాడి భుజం మీద తడిచెయ్యి వేసి, "మా ఇంటి మనిషే. ముందుగాల పండు తినున్రి, పొద్దటిసంది ఎండల ఉన్నరు" అన్నాడు. తిన్నారు. మర్యాదగా, మెచ్చుకుంటూ, దక్షిణపు పందిరి సగం తిన్నారు. మాస్టారికి కూడా ఒక గుత్తి కోసి ఇచ్చి, మామకు దండం పెట్టి పోయారు. పిట్టలు ముట్టని తోటను నా డబ్బా తినిపించింది.

మామ తిట్టలేదు. తిడితే బాగుండేది. అవ్వ మళ్లీ మంచె ఎక్కగానే కింద నిలబడి, "అవ్వా, ఇద్దరు దిగున్రి. రేపటిసంది మాస్టరు కూసుంటడు, ఆయనకు దుర్భిణి ఉన్నది, బుక్కు ఉన్నది" అన్నాడు. నా వైపు తిరిగి, "ఇంకొక్కపారి ఉత్తగ డబ్బా ముట్టినవంటె సీదా మీ అమ్మ దగ్గరికే" అన్నాడు. అవ్వ నిచ్చెన దిగుతూ ఒక్కో మెట్టునూ కాలితో తడుముకుంది. నా తప్పు అని అందరి ముందూ చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెబితే ఆమె ఆ సమయంలో మంచె మీద ఎందుకు లేదు, ఉన్నా ఏం చూసేది అన్న మాట వస్తుంది. చెప్పలేదు. ఆ రెండు రోజులు అవ్వ పందిరి కింద కూర్చుని, పాడైన పండ్లు ఏరుతూ, తల ఎత్తడం మానేసింది. నా వల్ల ఒక మనిషి ఒక్క సాయంత్రంలో ముసలిదైపోయింది.

ఆ ఆదివారం మట్టల ఆదివారం, ఈస్టరుకు వారం ముందుది. కూలీల్లో సగం మంది పొద్దున్నే చర్చికి పోయారు, నన్నూ రమ్మని అమ్మ కబురు పెట్టింది. నేను పోలేదు. (ప్రభువు క్షమించాడు. అమ్మకు ఈస్టరు దాకా పట్టింది.) మర్నాడే లారీ. సూర్యుడు రెండు బారలు పైకి వచ్చాడు. నేనూ అవ్వా పందిరి కింద ఉన్నాం. పందిరి సందులోంచి తూర్పున ఏదో నల్లగా కదిలింది. పైన మాస్టారు దుర్భిణి పెట్టుకుని, "నల్లగా ఉన్నాయండీ. అన్నీ నలుపే. ఎక్కడా గులాబి లేదు. కాకులో, మరేవో. ఫర్వాలేదు" అని కిందికి చెప్పి, డబ్బా మీద తాపీగా ఒక్క దెబ్బ కొట్టాడు. పని చేసుకోండని.

నేను సందులోంచి బయటికి వచ్చి చూశాను. మంద ఎండకు అడ్డంగా వస్తోంది, రంగు తెలియడానికి వీల్లేదు. "అవ్వా, మంద ఒస్తున్నది" అన్నాను. ఆమె చేతిలో పండు చేతిలోనే ఉంది.

"ఎట్ల ఒస్తున్నది?"

"అంతా ఒక్కటే దుప్పటి దులిపినట్టు. దగ్గరికైతది, మళ్ల ఇడిపోతది."

"తోక?"

"పొట్టి. ఉన్నదా లేదా అన్నట్టున్నది."

"రెక్క?"

"మూడు మూలలు. గబగబ కొట్టి, జర తేలి, మళ్ల కొడ్తున్నయి. బాతుల లెక్క కాదు, ఆగుతున్నయి."

అవ్వ లేచి నిలబడింది. నేను ఎదురుచూశాను. ఎప్పుడూ ఇక్కడే ఆమె పేరు చెప్పేది. ఈసారి చెప్పలేదు. "కండ్లు నీవి. నువ్వే చెప్పు" అంది.

"అవి కాకులు గావు. జొన్న గోరింకలు" అన్నాను.

"మరి నిలవడ్డవేందే? కొట్టు!"

మంచె మీద డబ్బా మాస్టారి దగ్గర ఉంది. నా దగ్గర ఉన్నది పండ్లు ఏరే ఇనుప తట్ట. దాన్ని బోర్లించి రాయితో బాదాను. తోట ఆ చివర నుంచి మామ గొంతు వచ్చింది, "ఎవలే అది? మళ్ల నువ్వేనా?" కూలీలు తలలెత్తి చూశారు, నన్ను చూసి మళ్లీ తలలు దించుకున్నారు. ఒక్కడు కూడా కదల్లేదు. వాళ్ల తప్పు లేదు. నేను కొడుతూనే ఉన్నాను. కళ్లనీళ్లు కారుతున్నాయి, కొడుతూనే ఉన్నాను. "మాస్టారూ, రంగు సూడకున్రి! తోక సూడున్రి!" అని అరిచాను.

మాస్టారు నన్ను చూశాడు, మందను చూశాడు, ఒళ్లో పుస్తకాన్ని చూశాడు. ఇప్పటికీ ఆయనను తలచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. నలభై ఏళ్లుగా పుస్తకంలో ఉన్నదే నమ్మిన మనిషి, పుస్తకం మూసి పక్కన పెట్టి, రెండు చేతులా డబ్బా బాదాడు. జన్మలో గొంతెత్తి ఎరుగడు, ఎవరినీ ఏకవచనంలో పిలిచి ఎరుగడు. "పోండి! పోండి! ఏవండీ, ఇక్కడికి రాకండి!" అని ఆకాశంలోకి కేకలు పెట్టాడు. డబ్బా మోగేసరికి కూలీలు లేచారు. మామ పరుగెత్తుకొచ్చాడు. నా పక్కనే గాలి గుయ్యిమంది. అవ్వ ఒడిసెల తిప్పుతోంది. "ఎటు? చెప్పు, ఎటు?" అంటే నేను "ఎడమ దిక్కు, పందిరి మీద, వంగుతున్నయి" అన్నాను. మట్టి ఉండ పోయి మంద ముందుభాగంలో పడింది. మంద మొత్తం ఒక్కసారిగా తిరిగింది. రెక్కల చప్పుడు మా నెత్తుల మీద వాన పడ్డట్టు పోయింది. రోడ్డవతల మోదుగ చెట్లున్నాయి, కొసరు పూలు ఇంకా ఉన్నాయి, పోయి వాటి మీద దిగాయి. దిగాక ఎండ వాటి పక్కకు పడింది. చెట్టు చెట్టంతా గులాబి.

మాస్టారు నిచ్చెన దిగి, పుస్తకం తెరిచి, బొమ్మనూ చెట్టునూ మార్చి మార్చి చూసి, "అమ్మాయి చెప్పిందే నిజమండీ" అని మామతో అన్నాడు. "రంగు లేకుండా చెప్పేసిందండీ!" మామ నా దగ్గరకు వచ్చాడు. "ఎట్ల తెలిసెనే నీకు?" అని అడిగాడు. తోటంతా నా ముఖమే చూస్తోంది. నిజం చెప్పేస్తున్నాను, దాచను. "సూసిన, తెలిసింది" అన్నాను, ఇదేమంత పెద్ద పనా అన్నట్టు. అవ్వ నా పక్కనే నిలబడి, ఒడిసెల తాడు చుట్టుకుంటూ నవ్వింది. ఆ నవ్వు మధ్యాహ్నం దాకా నన్ను ముల్లులా గుచ్చుతూనే ఉంది. అన్నాల వేళ మామ దగ్గరకు పోయి, అవ్వ అడగకపోతే నాకు ఏమీ తెలియదని, ఆమెకు కళ్లు కనబడవని, గురువారం ఆమె పక్కన లేకే నేను తప్పు కొట్టానని మొత్తం చెప్పేశాను. (ఒట్టు గతి అదీ.)

మామ ముద్ద నోట్లో పెట్టుకుని నింపాదిగా నమిలాడు. "అవ్వకు కండ్లు కనవడయని మూడేండ్లసంది నాకు ఎరికె" అన్నాడు. "లేకుంటె నిన్నెందుకు కూసోవెడ్త? సూసేటోళ్లు మస్తుమంది దొరుకుతరు. ఏం సూడాలెనో అడిగేటోళ్లు యాడ దొరుకుతరు?" తరువాత తోట అంతా వినేట్టు (అంటే మామూలుగానే) అరిచాడు, "అవ్వా! జల్ది తిని మంచె ఎక్కు. పోరిని ఎంబడి తీస్కపో!" అవ్వ సగం అన్నం విడిచిపెట్టి లేచింది. నిచ్చెన ఎక్కేటప్పుడు మెట్లు తడుముకోలేదు. సోమవారం లారీ వచ్చింది. తట్టలెత్తేటప్పుడు మామ ప్రతి కూలీకీ, చివరకు లారీ డ్రైవరుకు కూడా, మా అక్క బిడ్డ అని నన్ను చూపించాడు. నేను వినబడనట్టు నటించి అందరికంటే దగ్గరగా నిలబడ్డాను.

ఇది జరిగి యాభై ఏళ్లు దాటింది. చెప్పమన్నవాళ్లకూ చెప్పొద్దన్నవాళ్లకూ ఎన్నోసార్లు చెప్పాను. చెప్పిన ప్రతిసారీ మంద కొంచెం పెరుగుతూ వస్తోంది. మొదట్లో అది పందిరంత ఉండేది. ఉద్యోగంలో చేరేనాటికి తోటంత అయింది. మొన్న మా మనవరాలికి చెప్పినప్పుడు బడంగ్‌పేట నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా పొద్దు కనబడకుండా కమ్మేసింది. అదే లెక్కన, ఆరోజు మా కన్నుగప్పి దిగి పండ్లు తిన్న పిట్టలు తగ్గుతూ వచ్చాయి. నిజానికి ఓ ముప్పై దిగాయి. తరువాత పది అయ్యాయి, నిన్నమొన్నటిదాకా మూడు ఉండేవి. "మరి ఒక్కటి కూడా దిగలేదా అమ్మమ్మా?" అని మనవరాలు నిలదీసింది. ఈ డెబ్బై దాటిన ముసలమ్మ నాలుక చివరి దాకా నిజం వచ్చింది గానీ, వెనకనుంచి పదిహేడేళ్ల పోరి ఒకతె తట్ట పట్టుకుని నిలబడి చెప్పనివ్వలేదు. "ఒక్కటి కూడా దిగలేదు" అన్నాను.